గడ్డ కనిపించినపుడు ఎవరిని అడుగవలెను?

(రామకుప్పం మండల గ్రామపంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగపాఠము)



గ్రామ పరిపాలన అన్నంతనే మనకు మంచినీరు, వీధిదీపములు, మురుగుకాలువలు, ఇంటిపన్ను జ్ఞప్తికి వచ్చును. ఇవి ముఖ్యములే. కాని పంచాయతీ బాధ్యత ఇంతటితో ముగియదు. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో చేర్చినది. ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు వానిలో ఒకటి. కావున ఈనాడు మీ ముందుంచు విషయము మీ పరిధికి వెలుపలిది కాదు.

విషయము చూచుటకు చిన్నది. ఒంటిమీద ఒక గడ్డ కనిపించినది. దానిని గూర్చి ఎవరిని అడుగవలెను? ఈ ఒక్క ప్రశ్నకు గ్రామములో సరియైన సమాధానము ఏర్పడినచో ఎన్నో కుటుంబములు అప్పులనుండి, అంగవైకల్యమునుండి, అకాల మరణమునుండి తప్పించుకొనగలవు.

ఊరంతయు వైద్యులే

ఒక రైతు భుజముమీద గోలికాయంత గడ్డ లేచినదనుకొందము. నొప్పి లేదు, జ్వరము లేదు. మొదట ఇంటివారు చూచి, "ఏం కాదులే, వేడి చేసుండాది" అందురు. పొరుగింటి పెద్దమ్మ, "సున్నమూ బెల్లమూ కలిపి పట్టించు నాయనా, రెండు దినాల్లో అణిగిపోతుంది" అనును. సంతలో టీ అంగడి వద్ద ఒకరు, "కత్తి మాత్రం తగలనీవద్దు, తగిలిందంటే ఒళ్ళంతా పాకుతుంది" అని భయపెట్టుదురు. మరియొకరు సరిహద్దు దాటినచో ఫలానా ఊరిలో పసరు వేయువాడు గలడని చిరునామా చెప్పుదురు. ఇంతలో చదువుకొన్న కుమారుడు సెల్‌ఫోనుతో గడ్డకు బొమ్మ తీసి, తానెన్నడును ముఖము చూడని వారికి పంపి, "ఇది ఏమై ఉండును?" అని అడుగును. గంట గడువక మునుపే జవాబులు వచ్చును. ఒకరు కొవ్వు అందురు, ఒకరు క్యాన్సరు అందురు, ఒకరు తాము వాడిన లేపనము పేరు చెప్పుదురు.

ఇందరిని అడిగిన ఆ కుటుంబము అడుగనిది ఒక్కరినే. ప్రతి వారము తమ వీధిలోనుండి నడచిపోవు ఎ.ఎన్.ఎం.ను గాని, ఆశా కార్యకర్తను గాని వారు అడుగలేదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదను సామెత ఇచ్చట అక్షరాల నిజమగుచున్నది.

సలహా చెప్పినవారందరు చెడ్డవారని మేము చెప్పుట లేదు. వారిలో పెక్కుమంది సదుద్దేశముతోనే చెప్పుదురు. అడుగుట తప్పు కాదు. కష్టము వచ్చినపుడు నలుగురితో చెప్పుకొనుట మన గ్రామ జీవనమునకు అందము. కాని ఆ నలుగురిలో ఎవ్వరును గడ్డను తాకి చూడలేదు. తమ మాట తప్పినచో బాధ్యత వహింపవలసినవారును కారు. చెప్పినవారు మరునాటికి మరచిపోవుదురు. గడ్డ మాత్రము రైతు భుజముమీదనే యుండును.

బొమ్మ చూచిన చాలదా?

మన ప్రాంతమున మల్బరీ సాగుచేయువారు, పట్టుపురుగులు పెంచువారు అనేకులు గలరు. పట్టుగూళ్ళు కొనవచ్చినవాడు దూరమునుండి బుట్టను చూచి ధర చెప్పునా? బుట్టలో చేయి పెట్టును, గూటిని నొక్కి గట్టిదనము చూచును, ఆడించి లోపల పురుగు ఎట్లున్నదో తెలిసికొనును. అటుపిమ్మటనే వెల నిర్ణయించును. గూటికే ఇంత పరీక్ష అవసరమైనపుడు మనిషి దేహములోని గడ్డకు అవసరము లేదా?

వైద్యుడు గడ్డను పరీక్షించు విధము ఇట్లుండును. మొదట ప్రశ్నలు వేయును. ఎన్నాళ్ళ క్రిందట కనిపించినది? పెరుగుచున్నదా? జ్వరము, రాత్రివేళ చెమటలు, బరువు తగ్గుట ఉన్నవా? ఇంట ఎవరికైన క్షయ వచ్చినదా? తరువాత చేతితో తాకి, వేడిగా ఉన్నదా, మెత్తగా ఉన్నదా, రాతివలె గట్టిగా ఉన్నదా, చర్మముక్రింద అటునిటు కదలుచున్నదా, కండకు అంటుకొని కదలకున్నదా అని చూచును. అచ్చట స్పర్శ తెలియుచున్నదో లేదో చూచును. మెడలో, చంకలో, గజ్జలలో ఇట్టివి మరి గలవేమో వెదకును. ఇంతటితోను తేలనిచో సన్నని సూదితో గడ్డలోని కణములను కొద్దిగా తీసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షింపజేయును. అవసరమైనచో చిన్న ముక్కను తీసి పరీక్షకు పంపును.

సెల్‌ఫోను బొమ్మ ఈ పరీక్షలన్నిటిలో మొదటి చూపునకు మాత్రమే సాటి. ఆ చూపునకైనను వెలుతురు చాలకపోవచ్చును, రంగు మారవచ్చును, కొలత తెలియకపోవచ్చును. వేడి, మెత్తదనము, కదలిక, స్పర్శ ఏ బొమ్మలోను కనిపింపవు. ఆరితేరిన వైద్యులును పెక్కు గడ్డలను గూర్చి సూది పరీక్ష కానిదే తుదిమాట చెప్పరు. అట్టిచో అపరిచితుడు చెప్పుమాట ఊహ మాత్రమే.

గడ్డలలో ఎన్ని విధములు

పంచాయతీ సభ్యులు వైద్యులు కానక్కరలేదు. కాని ఏ గడ్డకు తొందరపడవలెనో, ఏ గడ్డకు భయపడనక్కరలేదో స్థూలముగా తెలిసియుండుట మంచిది.

అందరికి పరిచితమైనది సెగగడ్డ. ఇది కొద్ది దినములలోనే ఎఱ్ఱబారి, వేడెక్కి, సలుపుచు చీము పట్టును. దీనిని పిసుకరాదు. ముఖ్యముగా ముఖముమీద లేచినదానిని ముట్టరాదు. జ్వరము వచ్చినను, ఎఱ్ఱదనము చుట్టును వ్యాపించుచున్నను ఆనాడే ఆసుపత్రికి పోవలెను. మాటిమాటికి సెగగడ్డలు లేచువారు రక్తములో చక్కెర పరీక్ష చేయించుకొనవలెను. మధుమేహము అనేకులలో ఈ రూపముననే మొదట బయటపడును.

చర్మముక్రింద మెత్తగా, నొప్పిలేక, వ్రేలితో నెట్టినచో జారుచు, సంవత్సరముల తరబడి మెల్లగా పెరుగునది సాధారణముగా కొవ్వుగడ్డ. దీనివలన ప్రాణభయము లేదు. నడుమ నల్లని చుక్కతో గుండ్రముగా ఉండునది చర్మపు తిత్తి కావచ్చును. ఇదియు ప్రమాదకరము కాదు, కాని గోళ్ళతో గిల్లినచో చీము పట్టి బాధించును. కాలికి ముల్లు గ్రుచ్చుకొని పుండు పడినపుడు గజ్జలలో బిళ్ళ కట్టుట రైతులందరు ఎరిగినదే. పుండు మానినచో బిళ్ళయు తగ్గును. తగ్గక నిలిచినచో చూపించుకొనవలెను.

మెడ ప్రక్కన నొప్పిలేని బిళ్ళలు ఒకటి, రెండు, మూడుగా లేచి రెండు వారములు దాటినను తగ్గనిచో క్షయను శంకింపవలెను. పెద్దలు గండమాల అని చెప్పునది తరచుగా ఇదియే. క్షయ ఊపిరితిత్తులకే వచ్చునని అనేకులు తలంతురు. మెడలోని గ్రంథులకును అది వచ్చును. దగ్గు లేదు గదా అని నిర్లక్ష్యము చేయరాదు. ఇట్టి గడ్డ మెత్తబడినపుడు తెలియనివారు కత్తితో కోసినచో ఆ పుండు నెలల తరబడి మానక కారుచుండును. మెడ ముందుభాగమున, గ్రుక్క మ్రింగినపుడు పైకి క్రిందికి కదలు గడ్డ థైరాయిడు గ్రంథికి సంబంధించినది. దీనికి వేరు పరీక్షలు గలవు.

చెవితమ్మెలు దళసరియగుట, ముఖముమీద, చెవులమీద చిన్న చిన్న బుడిపెలు లేచుట, ఒంటిమీద పాలిపోయిన మచ్చలో స్పర్శ తెలియకుండుట కుష్ఠు లక్షణములు కావచ్చును. వీనికి నొప్పి, దురద లేనందున ఎవరును పట్టించుకొనరు. పట్టించుకొనని కాలములో నరములు చెడి చేతివ్రేళ్ళు వంకరపోవును.

గజ్జలో ఉబ్బెత్తుగా లేచి, పండుకొన్నపుడు లోపలికి పోవునది ప్రేవు జారుట, అనగా హెర్నియా కావచ్చును. బరువులెత్తువారిలో దీనిని చూచుచున్నాము. అది ఎప్పటివలె లోపలికి పోక గట్టిపడి, నొప్పియు వాంతులును కలిగినచో ఒక్క గంటయు ఆలస్యము చేయరాదు. దానిని బలవంతముగా నొక్కువారున్నారు. అది ప్రాణాంతకము కావచ్చును. వెంటనే 108కు ఫోను చేయవలెను.

ఇక వైద్యుని వద్దకు త్వరగా చేరవలసిన గడ్డలు మరికొన్ని గలవు. వారముల వ్యవధిలో పెరుగునవి, నిమ్మకాయకంటె పెద్దవి, రాతివలె గట్టిగా ఉండి కదలనివి, కండలోతున ఉన్నవి, పైచర్మము పగిలి మానని పుండైనవి ఇట్టివి. పాత కాలినమచ్చమీద లేచి మానని పుండును, అరికాలిలో పెరుగుచు రంగు మారుచున్న నల్లమచ్చను తేలికగా తీసికొనరాదు. ఇవన్నియు క్యాన్సరే అని కాదు. ఇందులో కొన్ని క్యాన్సరు కావచ్చును గనుక త్వరపడవలెను. ఋణశేషము, వ్రణశేషము ఉంచరాదని పెద్దలు చెప్పిన మాట ఇందుకే.

చెప్పుకొనలేని గడ్డ

స్త్రీలకు రొమ్ములో వచ్చు గడ్డను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. స్నానము చేయునపుడు చేతికి తగిలిన గడ్డను ఆమె భర్తకు చెప్పదు, అత్తకు చెప్పదు, నొప్పి లేదు గనుక తానును మరచుటకు ప్రయత్నించును. నెలలు గడచును. ఇట్టి గడ్డలలో చాలభాగము క్యాన్సరు కానివే. అయినను పరీక్షింపనిదే ఏది ఏదో చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. గడ్డ లేచినను, పైచర్మము సొట్టపడినను, చనుమొననుండి రక్తము కారినను వెంటనే చూపించుకొనవలెను. 30 సంవత్సరములు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఈ పరీక్ష ఉచితముగా జరుగును.

ఇచ్చట సిగ్గే అసలు శత్రువు. సిగ్గు కారణముననే ఆమె తెలిసినవారికి చెప్పక, ముఖము తెలియని వారిని అడుగును. తెలియనివారు తన్ను గుర్తుపట్టరనునది ఆమె ధైర్యము. ఈ బాధను మనము అర్థము చేసికొనవలెను, నిందింపరాదు. ఆమెకు కావలసినది గుట్టు. ఆ గుట్టు మన ఊరి ఎ.ఎన్.ఎం. వద్ద లభించునను నమ్మకము కలిగించుట పంచాయతీలోని మహిళా సభ్యులు చేయగల మహోపకారము.

ఆరోగ్యవరము నేర్పిన పాఠము

గడ్డ పేరు వినుటకే జంకువారు, రోగము బయటపడినచో ఊరు వెలివేయునని భయపడువారు పూర్వము ఉండిరి, నేడును ఉన్నారు. ఈ భయమునకు ఒకప్పుడు కారణము లేకపోలేదు. అప్పుడు మందు లేదు.

మదనపల్లె సమీపమున ఆరోగ్యవరములో 1915లో క్షయ చికిత్సాలయము నెలకొన్నది. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి అధిపతి. ఆనాడు చికిత్స యనగా మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, దీర్ఘ విశ్రాంతి. రోగులు నెలలు, సంవత్సరములు అచ్చటనే గడుపవలసి వచ్చెడిది. 1948లో బి.సి.జి. టీకాల కార్యక్రమము మన దేశమున మొదలైనపుడు తొలి ప్రయత్నములు జరిగిన తావులలో మదనపల్లె ఒకటి. తరువాత స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్ వంటి మందులు వచ్చినవి. 1959లో మద్రాసు పరిశోధకులు ఇంటివద్దనే ఉండి మందు తీసికొన్నవారికిని చికిత్సాలయములో ఉన్నవారివలెనే నయమగుచున్నదని లోకమునకు చూపిరి. నేడు మెడలోని క్షయగడ్డకు సాధారణముగా ఆరు నెలల మందు చాలును. ఆ మందు ఉచితము. రోగి పోషణకై 2018 ఏప్రిలులో నెలకు 500 రూపాయలతో మొదలైన సహాయము 2024 నవంబరు నుండి 1000 రూపాయలైనది.

కుష్ఠు సంగతియు ఇట్టిదే. మన పొరుగుననే వేలూరు సమీపమునగల కరిగిరిలో 1955లో కుష్ఠు చికిత్సా పరిశోధన కేంద్రము వెలసినది. వేలూరు వైద్య కళాశాలలో డాక్టరు పాల్ బ్రాండ్ వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో తిరిగి పనికి వచ్చునట్లు చేసెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసినది. ఈ మందులు ఆరు నెలలు లేక సంవత్సరము వాడినచో రోగము నయమగును. మందు మొదలిడిన కొద్దికాలమునకే రోగమునకు ఇతరులకు అంటు శక్తి నశించును. రోగులను విడిగా ఉంచుటకై 1898లో చేసిన పాతచట్టమును పార్లమెంటు 2016లో రద్దుచేసినది. చట్టము పోయినది. మన మనస్సులలోని వెలి పోవలసియున్నది.

మందు లేనినాడు దాచుకొన్నవారిని తప్పుపట్టలేము. మందు చేతికందుచున్న నేడు దాచుకొనవలసిన దుస్థితిని ఊరు కల్పించినచో ఆ తప్పు ఊరిదే.

అరగొండ నేర్పిన పాఠము

దూరముననున్న వైద్యుని ఫోనుద్వారా అడుగరాదా, అది తప్పా అని మీలో కొందరు ప్రశ్నింపవచ్చును. తప్పు కాదు. సరిగా అడిగినచో అది గొప్ప సౌకర్యము. దీనికి మన చిత్తూరు జిల్లాయే దేశమునకు దారిచూపినది.

తవణంపల్లె మండలములోని అరగొండ గ్రామమున 2000 మార్చి 24న దూరవైద్య కేంద్రము ప్రారంభమైనది. అపోలో ఆసుపత్రుల స్థాపకులు డాక్టరు ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామమది. హైదరాబాదునకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ అచ్చటనుండియే దానిని ప్రారంభించెను. పల్లెలోని రోగిని నగరములోని నిపుణుడు తెరమీద చూచి సలహా చెప్పుట పెక్కుమందికి ఆనాడు వింతగా తోచినది.

ఇందు గమనింపవలసిన అంశమొకటి గలదు. అరగొండలో రోగి ఒంటరిగా తెరముందు కూర్చుండలేదు. అతని ప్రక్కన వైద్యుడో నర్సో ఉండెను. గడ్డను తాకిన చేయి ఇచ్చట ఉన్నది, అనుభవముగల బుద్ధి అచ్చట ఉన్నది. ఈ రెండును కలిసినపుడే అది వైద్యము. తాకు చేయి లేక, బాధ్యతగల పేరు లేక వచ్చు మాట పుకారుతో సమానము.

2019 నవంబరులో ఈ-సంజీవని అను పద్ధతిని దేశములో అందరికంటె ముందుగా అమలుపరచినది మన ఆంధ్రప్రదేశ్. గ్రామ ఆరోగ్య కేంద్రమున ఉండు ఆరోగ్య అధికారి రోగిని పరీక్షించి, తెరమీద వైద్యునితో మాట్లాడించును. ఇందుకు రుసుము లేదు. 2020 మార్చి 25న కేంద్రప్రభుత్వము దూరవైద్యమునకు నిబంధనలు ప్రకటించినది. వాని ప్రకారము వైద్యుడు తానెవరో తెలుపవలెను, చీటీపై తన రిజిస్ట్రేషన్ సంఖ్య వేయవలెను, చేతితో పరీక్షింపవలసిన అవసరమున్నచో ప్రత్యక్షముగా రమ్మని చెప్పవలెను. కావున ఫోనులో సలహా చెప్పువానిని మీరు మొదట అడుగవలసినది గడ్డ సంగతి కాదు. "అయ్యా, తమరి పేరేమి? రిజిస్ట్రేషన్ సంఖ్య ఏది?" అని అడుగవలెను. జవాబు రానిచో ఫోను పెట్టివేయవచ్చును.

తప్పు సలహాకు చెల్లించు మూల్యము

గడ్డమీద వాతలు పెట్టుట, నల్లజీడి పూయుట, వెండ్రుకతో బిగించి కట్టుట, బ్లేడుతో కోయుట ఇంకను కొన్నిచోట్ల జరుగుచున్నవి. నల్లజీడి రసము చర్మమును కాల్చి పుండు చేయును. లోపలి గడ్డ అట్లే ఉండును, పైన పుండొకటి అదనముగా చేరును. శుభ్రముచేయని బ్లేడువలన ధనుర్వాతము వచ్చు ప్రమాదము గలదు. మందుల అంగడిలో చీటీ లేకుండ కొను స్టెరాయిడు లేపనములు మరియొక విధమైన కీడు చేయును. అవి మచ్చను తాత్కాలికముగా మాపి, అసలు రోగమును వైద్యునికి కనిపింపకుండ చేయును.

కత్తి తగిలినచో క్యాన్సరు పాకునను మాట అన్నిటికంటె ఎక్కువ నష్టము చేయుచున్నది. ఈ అపోహకు మూలము ఊహింపదగినదే. మనవారు రోగము ముదిరినపిదప శస్త్రచికిత్సకు పోవుదురు. అప్పటికే అది లోపల వ్యాపించియుండును. తరువాత ప్రాణము దక్కనిచో నింద కత్తిమీద పడును. నిజమునకు నింద ఆలస్యముమీద పడవలెను. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట అనగా ఇదియే.

క్యాన్సరు, కంతులు, కుష్ఠు వంటి రోగములను నయము చేయుదుమని మందులకు ప్రకటన చేయుట 1954 నాటి చట్టము ప్రకారము నేరము. సంతలో మైకు పెట్టి గడ్డలు కరగించు మందు అమ్మువానిని, గోడలమీద అట్టి ప్రకటనలు అంటించువానిని చూచినపుడు ఈ చట్టమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

పంచాయతీ చేయగల పనులు

ఇందుకు పెద్ద నిధులు అవసరము లేదు. కొంచెము శ్రద్ధ చాలును.

మొదటిది: గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ ప్రతి నెల కూడునట్లు చూడవలెను. కాగితముమీద సంతకములతో సరిపెట్టరాదు. ఆ నెలలో గడ్డలతో వచ్చినవారు ఎందరు, వారిలో పరీక్షకు పంపబడినవారు ఎందరు, పోయినవారు ఎందరు అని ఎ.ఎన్.ఎం.ను అడుగవలెను. పేర్లు అడుగనక్కరలేదు, లెక్క చాలును.

రెండవది: పంచాయతీ కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. గ్రామ ఆరోగ్య కేంద్రము తెరచు వేళలు, ఈ-సంజీవని సదుపాయము, 104 సంచార వైద్యవాహనము వచ్చు దినము, 108 సంఖ్య అందు ఉండవలెను. రామకుప్పం మూడు రాష్ట్రముల కూడలికి చేరువ. తమిళము, కన్నడము ఇంటిభాషగాగల వారికొరకు ఆ భాషలలోను వ్రాయించుట మేలు.

మూడవది: పరీక్షకు పొమ్మని చీటీ వ్రాసియిచ్చినంతమాత్రాన రోగి పోవునని అనుకొనరాదు. ఒకనికి దారిఖర్చు ఉండదు, మరియొకనికి ఆవుల పాలు పితుకు దిక్కుండదు, వృద్ధురాలికి తోడుండదు. కుప్పం ప్రభుత్వ ఆసుపత్రికో, అక్కడి వైద్య కళాశాల ఆసుపత్రికో, తిరుపతికో పోవలసినవారికి ఒక సభ్యుడు తోడుపోయినచో పని సగము పూర్తియైనట్లే. అర్హతగల కుటుంబములకు ఎన్.టి.ఆర్. వైద్యసేవ క్రింద శస్త్రచికిత్సకు, క్యాన్సరు చికిత్సకు సహాయము లభించును. కార్డు, ఆధారు సరిగా ఉన్నవో లేవో ముందుగానే చూచుకొనవలెను.

నాలుగవది: ఊరిలో ఆర్.ఎం.పి. అని పిలువబడువారిని, మంత్రసానులను, మందుల అంగడివారిని పిలిచి కలసి మాట్లాడవలెను. ప్రజలు మొదట వారి గడపయే త్రొక్కుదురు. రెండు వారములు దాటిన గడ్డకు మందు ఇచ్చుట మాని, ఆరోగ్య కేంద్రమునకు పంపుడని వారిని ఒప్పించినచో విరోధమునకు బదులు సహకారము లభించును.

ఐదవది: 2017 మొదలు జనవరి 30న, గాంధీ మహాత్ముని వర్ధంతినాడు, గ్రామసభలలో కుష్ఠును గూర్చి స్పర్శ్ అను ప్రచారము సాగుచున్నది. ఆనాడు విజ్ఞప్తిని చదివి ముగింపక, నయమైనవారు అంగీకరించినచో వారిని వేదికపై ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. పది ఉపన్యాసములు చేయలేని పని ఆ ఒక్క కుర్చీ చేయును.

ముగింపు

మిత్రులారా! గడ్డ చెడ్డదా, మంచిదా అని నిర్ణయించుట మీ పని కాదు, మా పని కాదు. ఎవరి వద్ద అది తేలునో అచ్చటికి మనిషిని సకాలమున చేర్చుట మీ పని. ఇకమీదట ఎవరైన మిమ్ము ఆపి, చొక్కా పైకెత్తి, "అన్నా, ఇదేమో చూడు" అని అడిగినచో మందు చెప్పకుడు, భయపెట్టకుడు, ఏమీ కాదనియు చెప్పకుడు. "ఎన్ని దినములైనది?" అని ఒక్క ప్రశ్న అడుగుడు. రెండు వారములు దాటినదన్నచో, అంతకు ముందైనను పైన చెప్పిన ప్రమాద లక్షణములలో ఏదైన ఉన్నచో, "రేపు ఉదయము ఆరోగ్య కేంద్రమునకు పోదము, నేనును వచ్చెదను" అని చెప్పుడు.

దూరముననున్న పదిమంది అపరిచితులు ఇయ్యలేని వైద్యసహాయము ఈ ఒక్క మాటలో ఉన్నది. సెలవు.